కలియుగ భీముని పాదబలము

ఉత్తరాంధ్రమున ఏ పల్లెలోనైనను కుఱ్ఱవాడొకడు ధాన్యపు బస్తాను ఒంటిచేతితో భుజమున కెత్తుకొన్నచో, పెద్దలు వానిని కోడి రామమూర్తితో పోల్చుట కలదు. ఆ పేరు ఒక మనుష్యుని పేరుగా గాక బలమునకు మారుపేరుగా నిలిచిపోయినది. పాఠశాలలలో ఆ మహనీయుని కథ చెప్పునపుడు ఛాతీపై ఏనుగును నిలుపుకొన్న సంగతియు, ఉక్కుగొలుసులను త్రెంచిన సంగతియు తప్పక చెప్పుదురు. కాని ఆ ఛాతీని మోసిన పాదములను గూర్చి చెప్పువా రరుదు. మల్లుని బలమంతయు చివరకు అరికాలి క్రిందనే తేలును. రామమూర్తినాయుడుగారి జీవితమున విషాదము ప్రవేశించినదియు ఆ కాలి మార్గముననే. కావున వారి కథను ఒక్కసారి పాదముల వైపునుండి చూతము.

రామమూర్తినాయుడుగారు 1882లో వీరఘట్టమున జన్మించిరి. తండ్రి వెంకన్ననాయుడుగారు. నాడు వీరఘట్టము మద్రాసు రాజధానిలో విశాఖపట్టణము జిల్లాకు చెందియుండెను. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడినపుడు అందు చేరినది. 2022లో పార్వతీపురము మన్యము జిల్లాలోనిది అయినది. సరిహద్దు లెన్నిమారులు మారినను శ్రీకాకుళమువారు ఆయనను తమవానినిగానే భావింతురు. పెంచి పెద్దచేసిన విజయనగరమువారికిని ఆ హక్కు లేకపోలేదు.

చిన్ననాడే తల్లి గతించుటచే బాలుడు కొంత స్వేచ్ఛగా పెరిగెను. చదువుపై కంటె సాముగరిడీలపై మనసు మెండు. తండ్రి ఆలోచించి, విజయనగరమున పోలీసు ఇన్‌స్పెక్టరుగా నుండిన తన తమ్ముడు నారాయణస్వామినాయుడుగారి యింటికి అతనిని పంపెను. పినతండ్రి పిల్లవాని పోకడ గ్రహించి, బలవంతముగా పుస్తకములకు కట్టివేయక, వ్యాయామశాలకు పోనిచ్చెను. తెలుగుదేశమునకు ఆయన చేసిన ఉపకార మిదియే.

నాగావళీ ప్రాంతపు పల్లెలలో ఆనాటి పిల్లలు చెప్పు లెరుగరు. గట్లమీద, ఇసుకలో, బురదలో వట్టికాళ్లతో పరుగెత్తుటయే వారి బాల్యము. ముండ్లు గ్రుచ్చుకొనుట, అరికాళ్లు పగులుట, ఆనెలు కట్టుట అందులోని కష్టములు. కాని అందొక లాభమును గలదు. 1992లో మనదేశపు వైద్యులు ఇద్దరు 2300 మంది పిల్లల పాదములను పరీక్షించి ప్రకటించిన ఫలితములను బట్టి, చెప్పులు, బూట్లు తొడుగు పిల్లలలో నూటికి 8.6 మందికి పాదము చదునుగా నుండగా, వట్టికాళ్లతో తిరుగు పిల్లలలో నూటికి 2.8 మందికే అట్లుండెను. వ్రేళ్లు విచ్చుకొని, నేలను పట్టుకొని నడచుటచే పాదములోని చిన్న కండరములు గట్టిపడును. పాదపు వంపు నిలిచియుండును. దీనినిబట్టి పిల్లలకు చెప్పులు వలదని యనరాదు. గాజుపెంకులు, తుప్పుపట్టిన మేకులు గల నేటి వీధులు వేరు. ఇంటిలోను, ఇసుకనేలపైనను వారిని వట్టికాళ్లతో ఆడనిచ్చుట చాలును.

మన పాదము ఎముకలు 26 కూడిన విచిత్రమైన కట్టడము. మడమ, బొటనవ్రేలి మొదలు, చిటికెనవ్రేలి మొదలు అను మూడు చోట్ల అది నేలపై ఆనును. నడుమ కమానువలె వంపు తిరిగియుండును. తరగతిలో దీనిని చూపుట సులభము. విద్యార్థి అరికాలిని నీటితో తడిపి, పొడిగానున్న సిమెంటు నేలపై ఒక అడుగు వేయింపవలెను. మడమ గుర్తును, ముందరి భాగపు గుర్తును కలుపుచు వెలుపలి అంచున సన్నని చారమాత్రము పడినచో వంపు చక్కగా నున్నట్లు. అడుగంతయు నిండుగా పడినచో పాదము చదునైనది. ఐదారేండ్లలోపు పిల్లలకు అట్లుండుట సహజమే గనుక అందులకు భయపడ నక్కరలేదు.

ఇక విజయనగరము సంగతి. ఆ నగరము అప్పటికే విద్యలకు కాణాచి. సంస్థానపు ఆశ్రయమున సంగీతము, నాటకము, కవిత్వముతోపాటు మల్లవిద్యయు వర్ధిల్లినది. ఆదిభట్ల నారాయణదాసుగారు, గురజాడ అప్పారావుగారు తిరిగిన వీథులలోనే మన బాలుడును పెరిగెను. దండములు, బస్కీలు, కుస్తీపట్లు, ప్రాణాయామము అతని నిత్యకృత్యములు. ఆహారము శాకాహారమే. బలమునకు మాంసము తప్పదను వాదమును రామమూర్తిగారి పేరు చెప్పి ఖండించుట చాలకాలము వాడుకలో నుండెను. ఇరువదియొక యేండ్ల ప్రాయమున ఛాతీపై టన్నున్నర బరువును, పిమ్మట మూడు టన్నుల బరువును నిలుపగలిగిరని వారి జీవితకథలు చెప్పుచున్నవి.

కుస్తీ గోదాను చూచినవారికి తెలియును: అందలి మట్టిని త్రవ్వి మెత్తపరచి యుంచుదురు. పడినవానికి దెబ్బ తగులకుండుటకే యని మనమనుకొందుము. అది సగము నిజమే. మెత్తని మట్టిలో నిలిచినవాని చీలమండ క్షణక్షణము కదలుచు సమతూకము వెదకుకొనును. ఏ కండరము ఎంత బిగియవలెనో మెదడునకు తెలుపు నాడులు అట్టి సాధనచే చురుకుదేరును. నేడు క్రీడావైద్యులు చీలమండ బెణికినవారిచేత ఒంటికాలిపై నిలిపించి, కదలు పలకలపై నిలిపించి చేయించు అభ్యాసముల సారమిదియే. మన తాలింఖానాల గురువులు ఆ శాస్త్రమును చదువలేదు. కాని వారి శిష్యుల కాళ్లకు అది తెలిసియుండెను.

రామమూర్తిగారు మద్రాసులోని సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామ శిక్షణ పొంది, తిరిగివచ్చి విజయనగరమున ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులైరి. జగద్విఖ్యాతులైన ఈ మల్లులు మొట్టమొదట ఒక బడిపంతులని మన ఉపాధ్యాయ మిత్రులు గర్వముతో తలచుకొనవచ్చును. వ్యాయామోపాధ్యాయునికి పాఠ్యపుస్తకము పిల్లల నడకయే. అడుగు వేయునపుడు మొదట మడమ, పిదప పాదపు వెలుపలి అంచు, ఆ పిదప వ్రేళ్ల మొదళ్లు నేలను తాకి, చివరకు బొటనవ్రేలు నేలను వెనుకకు నెట్టును. ఒక్కొక కాలు నడకలో నూటికి 60 వంతుల కాలము నేలపైనుండును. 40 వంతుల కాలము గాలిలో సాగును. ఈ క్రమము తప్పినవాడు కుంటుచున్నాడన్నమాట. ఒక కాలిపై తక్కువ సేపు నిలుచు పిల్లవానికి ఆ కాలిలో నొప్పి యున్నది. వాని చెప్పులు ఒకవైపే అరిగిపోవుచున్నచో బరువు అటే పడుచున్నది. చెప్పు అడుగు చూచి నడక చెప్పగల ఉపాధ్యాయుడు సగము వైద్యుడు.

ఆటస్థలమున కాలు మడతపడినపుడు మనవారు తొందరపడి నూనె రాచి గట్టిగా మర్దించుట వాడుక. ఇది మంచిది కాదు. మొదటి రెండు దినములు ఆ కాలికి విశ్రాంతి నిచ్చి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డను అప్పుడప్పుడు ఆనించి, పట్టీ కట్టి, కాలిని ఎత్తుగా ఉంచవలెను. ఎముక విరిగినదా లేదా యను సందేహమునకు 1992లో కెనడాలోని ఆటవా వైద్యులు ఒక సులభమైన పద్ధతి నేర్పరచిరి. దెబ్బ తగిలినవాడు తనంతట నాలుగడుగులు వేయలేనిచో, లేక చీలమండకు ఇరుప్రక్కల గల ఎముక గుబ్బల వెనుకవైపున నొక్కినపుడు నొప్పి యున్నచో, ఎక్స్‌రే తీయింపవలెను. ఇవి లేనిచో సాధారణముగా అది బెణుకే. రామమూర్తిగారి కాలమున ఇట్టి సూత్రములు లేవు. వేలితో తడిమి చూచు అనుభవమే సూత్రము.

అయితే బడిలోని ఆటస్థలము ఆ బలమునకు చాలలేదు. విజయనగరమున పొట్టిపంతులుగారను మిత్రుని ప్రోత్సాహమున వారొక సర్కసు సంస్థను స్థాపించిరి. అది తెలుగు జిల్లాలలో జయప్రదముగా తిరిగి, 1912లో మద్రాసు నగరమును ఉఱ్ఱూతలూగించెను. ఛాతీకి చుట్టిన ఉక్కుగొలుసును ఊపిరి బిగించి త్రెంచుట, భుజములకు కట్టిన త్రాళ్లతో రెండు మోటారుకార్లను కదలనీయకుండుట, ఛాతీపై ఏనుగును నిలుపుకొనుట అను మూడింటిని చూచుటకు జనము విరగబడిరి. అంతకుముందే 1904, 1905 సంవత్సరములలో యూరపు బలశాలి శాండో మనదేశమున పర్యటించి ప్రదర్శనము లిచ్చియుండెను. బలమనగా తెల్లవారి సొత్తను భావము ప్రబలియున్న ఆ దినములలో, ఒక తెలుగువాడు అంతకు మించిన పనులు చేసి చూపుట కేవలము వినోదము కాదు. పరపాలనలో తలవంచుకొనియున్న జాతికి అది వెన్ను నిలిపిన ఘటన.

ఈ ప్రదర్శనములను గారడీ యని కొట్టివేయువారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును కలరు. మానవాతీతమని చేతులు జోడించువారును కలరు. భౌతికశాస్త్రము నేర్పు ఉపాధ్యాయుడు ఈ రెంటి నడుమ నిలువవలెను. ఏనుగు సుమారు 3000 కిలోలనుకొందము. అది నేరుగా ఛాతీపై అడుగు పెట్టినచో ఎవడును బ్రదుకడు. నడుమ దళసరి పలక యుండును. ఆ పలక 3000 చదరపు సెంటీమీటర్ల మేర శరీరమునకు ఆనియున్నచో, ఒక్కొక చదరపు సెంటీమీటరుపై పడునది ఒక కిలో మాత్రమే. ఇక మనము సాధారణముగా నడచునపుడు మడమ నేల తాకు క్షణమున అచ్చటి ఒక్కొక చదరపు సెంటీమీటరుపై రెండు మూడు కిలోల ఒత్తిడి పడును! అనగా ఏనుగు క్రింద ఛాతీ సహించు ఒత్తిడిని మన మడమ ప్రతి యడుగునను, దినమునకు వేలమార్లు, మాటాడక సహించుచున్నది. దీనిచే రామమూర్తిగారి ఘనత తగ్గునని తలపరాదు. ఒత్తిడి పంచబడినను మొత్తము బరువు మొత్తము బరువే. ప్రక్కటెముకలు క్రుంగకుండ ఊపిరి బిగించి, కడుపు కండరములను శిలవలె చేయుటకు ఏండ్ల తరబడి చేసిన ప్రాణాయామమే ఆధారమైనది.

మోటారుకార్ల సంగతి ఇంకను చిత్రమైనది. రెండు కార్లు రెండు దిక్కులకు సమానముగా లాగినచో ఆ లాగుడు ఒకదానినొకటి రద్దు చేసికొనును; భుజములు, వీపు, ఛాతీ గొలుసులోని లంకెవలె దానిని భరింపవలెను. పాదముల పని ఎచ్చుతగ్గులను సరిచేయుట. కాని కారు ఒక్కటే యైనప్పుడు భారమంతయు పాదములదే. వైస్రాయి మింటో ప్రభువు తన కారును ఆపి చూపుమని కోరగా రామమూర్తిగారు దానిని ముందునకు కదలనీయక నిలిపిరని ప్రసిద్ధమైన కథ యొకటి కలదు. కండ లెంత బలిసినను, అరికాలికిని నేలకును నడుమ రాపిడి చాలనిచో మనిషి నిలువున జారిపోవును. నూరు కిలోల మనిషికి మంచి గట్టినేలపై ఆ రాపిడి 60, 70 కిలోల లాగుడునకు మించి నిలువదు. అంతకు మించి నిలువవలెనన్నచో నడుము వెనుకకు వాల్చి, మడమలను నేలలో నాటి, త్రాటి లాగుడును క్రిందికి మళ్లింపవలెను. బలము భుజముల నున్నను దానికి పునాది మడమయే. ఈ సంగతిని ఆయన పుస్తకమున చదువలేదు, గోదాలో నేర్చెను.

కీర్తి ప్రతిష్ఠల వివరములు చాలమందికి తెలిసినవే. పూనాలో బాలగంగాధర తిలకుగారి ఆదరమునకు పాత్రులై మల్లమార్తాండ బిరుదము నందిరి. మదనమోహన మాళవీయగారు పిలిపించి గౌరవించిరి. ఉత్తర హిందూస్థానమున వారు ప్రొఫెసర్ రామమూర్తిగా పేరొందిరి. ఇంగ్లండులో అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల ఎదుట ప్రదర్శించి ఇండియన్ హెర్క్యులీస్ అనిపించుకొనిరి. స్పెయిను దేశమున ముందుగా అలవాటు లేకయే పోట్లగిత్తను కొమ్ములు పట్టి లొంగదీసిరని చెప్పుదురు. స్వదేశమున కలియుగ భీముడు, జగదేకమల్లుడు, వీరకంఠీరవుడు అను బిరుదములు వచ్చినవి. ధనమును విరివిగా వచ్చెను, అంత విరివిగానే దానధర్మములకు పోయెను.

అట్టి మనిషిని పడగొట్టినది మల్లుడు కాదు, ఏనుగు కాదు. కాలిపై లేచిన ఒక కురుపు. దానిని జనులు రాచకురుపనిరి. చర్మము లోలోపల చీము పట్టి, ప్రక్కప్రక్క రంధ్రములుగా పగిలి, చుట్టునున్న కండను తినివేయు కురుపులు గలవు. రక్తప్రసారము తగ్గినచోట అది కుళ్లుగా మారును. కుళ్లు పైకి ప్రాకినచో ప్రాణమే పోవును. ఆ కాలమున వైద్యుని చేతనున్న సాధనము కత్తి, రంపము. ఎచ్చటివరకు కుళ్లినదో చూచి, దానిపైన కోయుట. రామమూర్తిగారి కాలిని తీసివేయవలసివచ్చినది.

ఇక్కడ కాలమును కొంచెము పరికింపవలెను. చీముపుట్టించు సూక్ష్మజీవులను శరీరములోపలనే చంపు సల్ఫా మందు 1935లో గాని బయటికి రాలేదు. పెనిసిలిన్‌ను ఫ్లెమింగు 1928లో కనుగొన్నను, దానిని రోగికి వాడుట 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డులో మొదలైనది. గీరుకొన్న చిన్న గాయము ముదిరిన ఒక పోలీసు జవానునకు దానిని ఇవ్వగా మొదట కోలుకొనెను. మందు చాలక మరణించెను. మన దేశపు మల్లునకు ఆ మందు అందు కాలము రాలేదు. ఇరువదేండ్లు ఆలస్యముగా ఆ కురుపు లేచియున్నచో కొన్ని సూదులతో మానియుండెడిదేమో యని తలచుకొన్నపుడు మనసు కలుక్కుమనును.

శస్త్రచికిత్స సమయమున వారు క్లోరోఫారము పుచ్చుకొనుటకు నిరాకరించి, ప్రాణాయామముచే మనసు నిలిపి, కదలక మెదలక కోత భరించిరని ప్రతీతి. ఈ కథను పిల్లలకు చెప్పునపుడు ఉపాధ్యాయులు రెండు మాటలు చేర్చుట మంచిది. క్లోరోఫారము నాడు నిరపాయమైన మందు కాదు. 1847లో ఎడింబరో వైద్యుడు సింప్సను దానిని ప్రచారములోనికి తెచ్చిన నాటనుండి, బల్లపైననే హఠాత్తుగా మరణించినవారు అనేకులు. ఆ మరణములకు కారణము ఊపిరి ఆగుటయా, గుండె ఆగుటయా యను వివాదమును తీర్చుటకు 1888, 1889 సంవత్సరములలో మన హైదరాబాదుననే, నిజాము ప్రభుత్వపు ఖర్చుతో, డాక్టరు లారీ పూనికపై రెండు సంఘములు పరిశోధనలు జరిపెను. ఊపిరిని కనిపెట్టియుండిన చాలునని వారు తేల్చిరి. గుండెయు ప్రమాదకరముగా ఆగవచ్చునని 1911లో లెవీ యను శాస్త్రజ్ఞుడు రుజువు చేసెను. కావున ఆ మందును వలదనుట కేవలము మొండితనమని చెప్పరాదు. రెండవ మాట: నేటి మత్తుమందులు అట్టివి కావు. నొప్పి నోర్చుటయే వీరత్వమని తలచి చికిత్సను తప్పించుకొనుట రామమూర్తిగారి మార్గము కాదు. వారు చికిత్సను కాదనలేదు, కత్తికి కాలు నిచ్చిరి.

కాలు పోయినవానికి నడక మరల మొదటినుండి నేర్వవలసిన విద్య. మోకాలి దిగువ తీసినవానికి నడుచుటలో శ్రమ హెచ్చును. మోకాలి పైన తీసినచో ఇంకను చాల హెచ్చును. ఉన్న కాలు రెండింటి బరువు మోయును. నడుము ఒకవైపునకు వంగును. నాటి కొయ్యకాలు బరువైనది, బూటుతో కూడినది. బాసికపట్టు వేసి కూర్చుండుటకు గాని, వట్టికాళ్లతో పొలములో తిరుగుటకు గాని పనికిరాదు. మనదేశపు అలవాట్లకు తగిన కృత్రిమ పాదము జయపూరులో శిల్పి రామచంద్రశర్మ, డాక్టరు సేథీ కలిసి 1968 ప్రాంతమున రబ్బరుతో తయారు చేయువరకు లేదు. 1981లో బస్సు ప్రమాదమున కాలు పోగొట్టుకొన్న నర్తకి సుధాచంద్రన్ ఆ జయపూరు పాదముతోనే మరల నాట్యమాడెను. 1985లో వచ్చిన మయూరి చిత్రమును చూచిన తెలుగువారికి ఆ సంగతి తెలియును. రామమూర్తిగారి కాలమునకు అదియు దూరమే.

నేడు కాలు తీయవలసి వచ్చినవారిలో పెక్కుమంది మధుమేహ రోగులు. ఆ రోగమున పాదములకు స్పర్శ తగ్గును. రాయి గ్రుచ్చుకొన్నను తెలియదు. కుష్ఠువ్యాధిలోను ఇట్లే జరుగును. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు వైద్యశాలకు వచ్చిన రోగుల బాధలలో ఇది ముఖ్యమైనది. నొప్పి తెలియని పాదమును కన్నులతో కాపాడుకొనవలెను: రాత్రి పండుకొనబోవు ముందు అరికాలిని అద్దములో చూచుకొనుట, మెత్తని అట్ట గల చెప్పులు తొడుగుట, ఆనెను బ్లేడుతో కోసికొనకుండుట. తల్లిదండ్రులకు చక్కెర వ్యాధి యున్న విద్యార్థి ఈ పనిని ఇంటియందు తానే చేయవచ్చును. పిల్లల కండ్లు చురుకైనవి గదా.

అవసానకాలమున రామమూర్తినాయుడుగారు ఒరిస్సా ప్రాంతమున బలంగీరు పాట్నా సంస్థానాధీశుని ఆదరణలో నుండిరి. వేలాది జనము నడుమ ఏనుగును ఎక్కించుకొన్న మనిషి అచ్చట ఒంటికాలితో, నెమ్మదిగా, కాలము గడిపెను. సర్కసు డేరాలు అప్పటికి ముగిసిన కథ. 1942 జనవరి 16వ తేదీన బలంగీరునందే కన్నుమూసిరి. స్వస్థలమైన వీరఘట్టమునకు దూరముగా ఆ జీవితము ముగిసెను. పిమ్మట విశాఖపట్టణపు సముద్రతీరమున వారి విగ్రహమును నిలిపిరి. శ్రీకాకుళమున క్రీడాప్రాంగణమునకు వారి పేరు పెట్టిరి. ఆ ఊరికి చేరువనున్న ఆమదాలవలస ప్రాంతమున పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము తెచ్చెను.